మోకు తెగిందా, ఎద్దు పడిందా

24-8-2004, మంగళవారం

మూడేళ్ల తర్వాత హనుమంతరాయుడు మా గడప తొక్కాడు. కూర్చోలేదు. నిలబడే కాఫీ తాగాడు. బండలాగుడు పోటీల కమిటీకి ఇప్పటికీ ఆయనే అధ్యక్షుడు.

"ఓబుళప్పన్నా, విజిల్ ఉండాదా, పారేసినావా?" అన్నాడు.

ఉంది. మేకుకే వేలాడుతోంది. స్టాప్ వాచీకి వారానికొకసారి కీ ఇస్తూనే ఉన్నాను.

ఎద్దుల పోటీ అనుకున్నాను. కాదట. కంప్యూటర్లో కార్ల పందెమట. హిందూపురంలో ఒకరు, ధర్మవరంలో ఒకరు, మా పెనుకొండలో ఒకరు కూర్చుంటారట. ఎవరి ఊళ్లో వాళ్లుండి ఒకే రోడ్డు మీద కార్లు తోలతారట. ఆ రోడ్డు ఎక్కడుందని అడిగాను.

"అది ఇంటర్నెట్టులో ఉంటాదన్నా."

ఆయనకూ తెలియదని అర్థమైంది. ఊరుకున్నాను.

ఈ ఏడు వాన లేదు, గడ్డి లేదు, ఎద్దులు రావు. ఎద్దులు రాలేదని కమిటీ ఊరుకుంటే జనం కమిటీనే మరిచిపోతారట. అందుకని ఇది.

రెఫరీగా నన్నే ఎందుకు అనుకున్నారో చెప్పలేదు. ముప్పై ఏళ్లు పందేలకు గడియారం పట్టినవాణ్ణి. సెకను తేడా రానివ్వనని పేరు. అందుకే అయివుంటుంది.

సిద్ధమ్మ వేరేగా అంది. "నోట్లో విజిల్ ఉంటే మాట్లాడే పని తప్పుతాదని ఈ పని పట్టినోడివి నువ్వు. మాట్లాడనోడని తెలిసే ఆయప్ప పిలిచినాడు."

పరిగి సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

25-8

ఒకసారి రాసి పెట్టుకుంటే తలలోంచి పోతుంది.

పరిగి పోటీ, మూడేళ్ల కిందటిది. ఇరవై నిమిషాల పందెం. రొళ్ల ఊరి నల్లప్ప జత అందరికన్నా ఎక్కువ దూరం లాగింది. చివరి జత హనుమంతరాయుడిది. నిబంధన చిన్నపిల్లలకూ తెలుసు. బండకు కట్టిన మోకు తెగినా జారినా గడియారం ఆపాలి, మోకు కమిటీది కాబట్టి. ఎద్దు పడితే ఆపకూడదు, ఎద్దు ఆసామిది కాబట్టి.

ఆ రోజు మోకు జారింది. నేను చూశాను. విజిల్ ఊది గడియారం ఆపాను. పదిహేను సెకండ్లు. హనుమంతరాయుడి జత మూడడుగుల తేడాతో గెలిచింది. అంతే.

నల్లప్ప ఒక్క మాట అనలేదు. ఆ వేసవికి ఎద్దులను అమ్మేశాడని విన్నాను. ఎద్దులు అమ్ముకోవడానికి సవాలక్ష కారణాలుంటాయి.

ఆ తర్వాత నన్ను ఏ ఊరివాళ్లూ పిలవలేదు. వయసైందని అయివుంటుంది.

29-8, ఆదివారం

కళ్యాణ మంటపంలో కమిటీ కూర్చుంది. పద్దెనిమిది మంది. కంప్యూటర్ తెలిసినది ఒక్కరికే, మేరీ టీచర్ కూతురు ప్రేమలతకు. బజారులో నెట్ సెంటర్ ఆమెదే. ఆమెకు కుర్చీ వేయడం మరిచిపోయారు.

ముందుగా విభాగాల మీద చర్చ. ఎద్దులకైతే నోట్లో పండ్లు చూసి వయసు కట్టి పాలపండ్లు, రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు అని ఉంటాయి. ఆడే పిల్లలకు ఎట్లా? గంట సేపు మాట్లాడారు. మైకు చెప్పే పాపన్న, పండ్ల డాక్టరును పిలిపించి నోళ్లు తెరిపిద్దామన్నాడు. అందరూ నవ్వుతారనుకున్నాను. ఇద్దరు రాసుకున్నారు.

చివరికి మీసం వచ్చినవాళ్లు ఒక విభాగం, రానివాళ్లు ఒక విభాగం అని తీర్మానించారు.

ప్రేమలత నిలబడే అడిగింది. "ఆడపిల్లోళ్లు ఏ దాంట్లోకి వస్తారు సార్?"

విభాగాలు రద్దయ్యాయి.

మొదటి బహుమతి పశువులకు పెట్టే శెనగ చెక్క, రెండు మూటలు. ఎద్దుల పోటీకని దాత ముందే మాటిచ్చాడట. దాత మాట పోకూడదు కాబట్టి బహుమతి మార్చలేదు.

తర్వాత ప్రేమలత తన నిబంధనలు చదివింది. ఆట మధ్యలో నెట్టు పోతే ఆ మనిషి ఓడిపోయినట్టు, అని ఒకటి. అది నాకు నచ్చలేదు. చెప్పాలనుకున్నాను. పద్దెనిమిది మంది. చీటీ మీద రాసి ఆమె చేతికిచ్చాను. ఆమె పైకి చదివింది.

"నెట్టు గానీ కరెంటు గానీ పోతే అది మోకు తెగినట్టు. గడియారం ఆపాల, పందెం మళ్లీ పెట్టాల. ఆడే మనిషి తప్పు చేసినా, లేచిపోయినా అది ఎద్దు పడినట్టు. ఆపకూడదు."

అప్పటిదాకా పోటీ ఏమిటో ఒక్కరికీ అర్థం కాలేదు. అప్పుడు పద్దెనిమిది మందికీ అర్థమైంది. చప్పట్లు కొట్టారు. హనుమంతరాయుడు నా భుజం మీద చెయ్యి వేసి, "మా ఓబుళప్పన్న, మనోడు" అన్నాడు.

చెయ్యి బరువుగా ఉంది.

5-9

ప్రేమలతతో హిందూపురం పోయి అక్కడి నెట్ సెంటర్ చూసి వచ్చాను. నడిపేది చిన్నప్ప, హనుమంతరాయుడి బామ్మర్ది. ఆడబోయేది చిన్నప్ప కొడుకు ఉదయ్ కుమార్. మనిషి మంచివాడే. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

సెంటరుకు అటూ ఇటూ ఎదురుగా అన్నీ మరమగ్గాల షెడ్లే. చెవులు పోతాయి. చిన్నప్ప నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

"ఈ సందులో మామూలుగా మాట్లాడాలంటే కరెంటు పోవల్ల పెద్దాయనా! కరెంటు పోయినప్పుడే నా పెండ్లాం ఏమి తిడతాండాదో నాకు వినపడేది!"

తిరుగు బస్సులో ప్రేమలత, "తాతా, మీరు పొద్దున్నుంచి నాలుగు మాటలే మాట్లాడినారు" అంది. లెక్క వేసుకున్నాను. ఆరు.

12-9

ధర్మవరం. అక్కడ ఆడేది యమున. పందొమ్మిదేళ్లు. వాళ్లు పట్టుచీరలు నేసేవాళ్లు. ఇంటి గోడ పక్కనే నెట్ సెంటర్. పరీక్షల ఫలితాలు చూసుకోవడానికి పోయి ఆట నేర్చుకుందట. వాళ్లమ్మ సుబ్బమ్మ గుంట మగ్గంలో కూర్చుని, నన్ను చూడకుండానే మాట్లాడింది.

"కాళ్లూ చేతులూ ఒకటే తూరి ఆడల్లంటే మగ్గం మీద కూర్చోని నేర్చుకోమంటే నేర్చుకోదు. ఆడ కారు తోలుతాదంట."

"కారుకు కాళ్లతో పని లేదుమ్మా" అంది యమున.

"ఇంగేం మరి. సోమరిపోతుల కారు."

యమున నన్ను బస్టాండు దాకా సాగనంపింది. దారిలో అడిగింది. "తాతా, ఓడిపోయినోళ్లు మీ మీద అరిచేది ఉంటుందా?"

"అరవరు" అన్నాను.

"అరవకుంటే ఇంకా కష్టం గదా" అంది.

ఈ కాలం పిల్లలు అవసరం లేనివి ఆలోచిస్తారు.

13-9

పరిగిలో ఆపింది ఇరవై ఐదు సెకండ్లు. ముందు రాసిన పదిహేను సరి కాదు. మోకు మాత్రం జారింది.

18-9, వినాయక చవితి

గోడపత్రిక వేశారు. ఇరవై రెండు ఫోటోలు. ఇద్దరు ముఖ్య అతిథులు, ముగ్గురు విశిష్ట అతిథులు, దాతలు, దాత చనిపోయిన నాయన. కింద ఒక జత ఎద్దుల బొమ్మ, నిరుటి పత్రికలో నుంచి. కంప్యూటర్ బొమ్మకు చోటు చాలలేదట.

నా ఫోటో లేదు. సిద్ధమ్మ పత్రికంతా వేలితో వెతికింది. "నువ్వుండే చోట ఎద్దు ఉండాది" అంది.

2-10, శనివారం

మొదటి రోజు. కళ్యాణ మంటపం నిండిపోయింది. ప్రేమలత కంప్యూటర్‌కు పెద్ద టీవీ తగిలించారు. ఆమె ఫోను తీగ బజారు నుంచి ఇక్కడికి లాక్కొచ్చారు. నెట్టు ఆ తీగలోనే వస్తుంది. ప్రేమలత ఆ ఫోను మీద కాగితం అంటించింది: ఎత్తరాదు.

పాపన్న మైకు పట్టుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఎద్దులకు చెప్పిన నోరు.

"ఎర్ర కారు! ఎర్ర కారు చూడండయ్యా, ఏమి నడక, ఏమి మెడ! ధర్మవరం ఆసామి యమున గారి కారు! మచ్చ లేని కారు, సుడి మంచి కారు! వెనక హిందూపురం ఉదయ్ కుమార్ గారి తెల్ల కారు, కోడె వయసు!"

జనం ఈలలు వేశారు. తప్పెట్లు మోగాయి. మా పెనుకొండ నుంచి సుశీలమ్మ కొడుకు ఆనంద్ ఆ కంప్యూటర్ ముందే కూర్చుని ఆడుతున్నాడు. బాగానే పోతున్నాడు. సుశీలమ్మ టీవీ ముందు నిలబడి "ఎడమకు, ఎడమకురా" అంటూ తన మెడే తిప్పుతోంది.

అప్పుడు హనుమంతరాయుడికి ఒక ఆలోచన వచ్చింది. తప్పెట ఇక్కడ మోగితే సరిపోతుందా? ధర్మవరంవాళ్లకు, హిందూపురంవాళ్లకు వినపడొద్దా? తప్పెట లేని పందెం ఏం పందెం? ఫోను ఎత్తి తప్పెట దగ్గర పెట్టాడు.

ఆనంద్ కారు మాయమైంది.

"ఎవురు సార్ ఫోన్ ఎత్తినది?" అని ప్రేమలత కేక వేసింది. హనుమంతరాయుడు ఫోను చేతిలో పెట్టుకుని చుట్టూ చూశాడు, ఎవరబ్బా అన్నట్టు.

మోకు కమిటీది. విజిల్ ఊదాను. గడియారం ఆపాను. పందెం మళ్లీ పెట్టించాను. హనుమంతరాయుడు మైకు తీసుకుని, ఇంత న్యాయమైన నిబంధన దేశంలో ఎక్కడా లేదని ఐదు నిమిషాలు చెప్పాడు. రెండోసారి ఆనంద్ గోడకు గుద్దుకున్నాడు. సుశీలమ్మ మాత్రం మెడ సరిగ్గానే తిప్పింది.

మధ్యాహ్నం ధర్మవరంలో కరెంటు పోయింది. యమున కారు నిలిచిపోయింది. ప్రేమలత సెల్‌లో వాళ్ల సెంటరుకు చేసి నాకిచ్చింది. విన్నాను. అంతా నిశ్శబ్దం. గోడ అవతల సుబ్బమ్మ మగ్గం మాత్రం డబ్ డబ్ అంటోంది. దానికి కరెంటుతో పని లేదు. మోకు తెగింది. గడియారం ఆపాను. అరగంటకు కరెంటు వచ్చింది. పందెం మళ్లీ పెట్టాను, ఆ పిల్ల గెలిచింది.

హనుమంతరాయుడు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. "అంటే కరెంటు పోతే మళ్లీ మొదట్నుంచి పెడతావన్న మాట" అన్నాడు.

"అవును" అన్నాను.

"మంచిదన్నా. మంచి నిబంధన" అన్నాడు.

రేపు చివరి పందెం. ఉదయ్ కుమార్, యమున.

3-10, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

చివరి పందెం పదిహేను చుట్లు. ముఖ్య అతిథి వచ్చి దీపం వెలిగించాడు. టీవీకి దండ వేశారు. దండ అడ్డం వచ్చి సగం రోడ్డు కనపడలేదు, తీయడానికి ఎవరూ సాహసించలేదు. ముఖ్య అతిథి నన్ను అడిగాడు, "ఎద్దులు ఎన్ని గంటలకు వస్తాయి?" ప్రేమలత, "అయిపోయినాయి సార్, మీదే ఆలస్యం" అంది. ఆయన సంతోషించాడు.

పదో చుట్టుకు ఎర్ర కారు చాలా ముందుంది. పదకొండో చుట్టులో తెల్ల కారు ఉన్నచోటే నిలిచిపోయింది. ఎర్ర కారు పోతూనే ఉంది.

హనుమంతరాయుడి సెల్ మోగింది. ఆయన ఎత్తి, వెంటనే మైకు లాక్కున్నాడు.

"హిందూపురంలో కరెంటు పోయిందంట! మోకు తెగింది! రెఫరీ గారు గడియారం ఆపుతాండారు!"

నేను ఇంకా ఆపలేదు. విజిల్ నోట్లో ఉంది.

ఆయన మైకు కిందికి దించి నా చెవిలో చెప్పాడు. "ఊదన్నా. పరిగి మాదిరే. జ్ఞాపకం ఉండాది గదా."

మూడేళ్లలో ఆయన ఆ మాట అనడం ఇదే మొదటిసారి. సెకను తేడా రానివ్వనని నన్ను పిలవలేదు. ఊదుతానని పిలిచాడు. సిద్ధమ్మకు మొదటి రోజే తెలుసు.

నేను చెయ్యి చాచాను. ఆయనకు అర్థం కాలేదు. సెల్ చూపించాను. ఇచ్చాడు, నా మీద అంత నమ్మకం.

చెవి దగ్గర పెట్టుకున్నాను. అవతల చిన్నప్ప అరుస్తున్నాడు. "బావా! ఆపినాడా ముసిలోడు? బావా! వినపడ్తాండాదా?"

కరెంటు లేని ఆ సందులో అరవవలసిన పని లేదు. అతని అరుపు వెనక మరమగ్గాలు. టకటకా టకటకా, సందు సందంతా, ఒక్కటి కూడా ఆగలేదు.

విజిల్ నోట్లోనే ఉంది. పరిగిలోనూ ఇట్లాగే ఉంది. ఊదడానికి విజిల్ తీయక్కరలేదు. కాదు అనడానికి తీయాలి. అదీ ఆ రోజు జరిగింది. ఇంకేమీ కాదు.

తీశాను.

ప్రేమలత నా ముఖం చూసి, హనుమంతరాయుడి చేతిలోని మైకు లాగి నా ముందు పెట్టింది. మంటపంలో నాలుగు వందల మంది. నా గొంతు మైకులో ఎట్లా ఉంటుందో నాకు అరవై తొమ్మిదేళ్లుగా తెలియదు. ముందు సెల్‌ను మైకు దగ్గర పెట్టాను. మగ్గాల చప్పుడు మంటపమంతా నిండింది. దాని మీద చిన్నప్ప గొంతు: "బావా! ఫ్యాన్ కూడా ఆపల్లా?"

అప్పుడు అన్నాను.

"ఎద్దు పడింది."

గొంతు నాదిలా లేదు. సన్నగా ఉంది.

కంప్యూటర్ గురించి వాళ్లకేమీ తెలియదు. ఎద్దు గురించి అంతా తెలుసు. వెనక నుంచి ఒక ముసలాయన లేచాడు. "ఎద్దు పడితే గడియారం ఆపకూడదప్పో!" అన్నాడు. తర్వాత మంటపమంతా అదే మాట. పాపన్న ఇంకో మైకులో, "తెల్ల కారు ముందరి కాళ్ల మీద పడిందయ్యా!" అని అందుకున్నాడు.

ఎర్ర కారు ఒంటరిగా మిగతా చుట్లు తిరిగింది. పదకొండు నిమిషాల ఎనిమిది సెకండ్లు. రాసుకున్నాను.

సభలో హనుమంతరాయుడు మాట్లాడాడు. కమిటీ నీతికి ఇది నిదర్శనమన్నాడు. తన మేనల్లుడైనా సరే, ఎద్దు పడితే పడిందనే చెప్పే రెఫరీని ఏరికోరి తెచ్చింది తానే అన్నాడు. నాకని తెచ్చిన శాలువా ముఖ్య అతిథికి రెండోసారి కప్పారు. ఆయనకు చెమట పోసింది.

ధర్మవరానికి ఫోను చేసి బహుమతి సంగతి ప్రేమలత చెప్పింది. సుబ్బమ్మ ఫోను లాక్కున్నట్టుంది. "శెనగ చెక్క మేమేం చేసుకోవల్లమ్మా? మగ్గానికి మేపల్లా?" అనడం నాకే వినపడింది.

ఇంటికి వచ్చాక సిద్ధమ్మ అడిగింది. "మైకులో మాట్లాడినావంటనే. ఎన్ని మాటలు?"

"రెండు."

ఆమె నవ్వలేదు. అన్నంలో ఇంకో గరిటె నెయ్యి వేసింది.

4-10

పరిగిలో మోకు జారలేదు. హనుమంతరాయుడి ఎడమ ఎద్దు ముందరి మోకాళ్ల మీద పడింది. నేను చూశాను.

నలభై సెకండ్లు ఆపాను.

6-10

హనుమంతరాయుడు బజారులో ఎదురయ్యాడు. "ఆరోగ్యం జాగ్రత్తన్నా, వయసైంది" అన్నాడు. వచ్చే ఏడు వానలు పడితే ఎద్దుల పోటీకి వేరే మనిషిని చూసుకున్నారట.

10-10, ఆదివారం

రొళ్లకు పోయాను. మూడు బస్సులు మారాను. బస్సు దిగి నల్లప్ప ఇల్లు అడిగితే, ఎద్దుల నల్లప్పా అని ఎదురడిగారు. ఇప్పటికీ అదే పేరు.

కొట్టంలో ఒక బర్రె ఉంది. పక్కన ఎద్దులు మేసే రెండు గాళ్లు ఖాళీ. వాటి ముందర కూడా ఊడ్చి ఉంది. నల్లప్ప బర్రెకు నీళ్లు పెడుతున్నాడు. నన్ను చూసి బక్కెట కింద పెట్టాడు.

"ఏమప్పా ఇంత దూరం" అన్నాడు.

బస్సులో చాలా మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ మిగల్లేదు.

"పరిగిలో ఎద్దు పడింది" అన్నాను.

పోయి చెంబుతో నీళ్లు తెచ్చాడు. తాగేదాకా నిలబడ్డాడు.

"గడియారం ఎంతసేపు ఆపినావు?"

"నలభై సెకండ్లు."

"నాకు గడియారం లేదు" అన్నాడు. "నోటితోనే లెక్క పెట్టినా. నలభై రెండు."

చెంబు తీసుకుని లోపలికి పోయాడు.

తిరిగి వచ్చాక పాత నోటుబుక్కు తీశాను. పరిగి పుట. ఆ రోజు నా చేత్తో నేనే రాసి, కొట్టేసిన అంకె. కొట్టివేత కింద ఇంకా కనపడుతోంది.

నలభై రెండే.